నీ ఓటు ఇంకా ఇక్కడే ఉంది చిన్నీ

చిన్నీ,

నిన్న ఓటు సంగతి ఎత్తగానే "మన కాలనీ మొత్తం బీజేపీయే కదమ్మా, నా ఒక్క ఓటుతో ఏమొస్తుంది" అని ఫోన్ పెట్టేశావు. ఫోన్లో నన్నెలాగూ మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నా. తీరిక చూసుకుని పూర్తిగా చదువు.

కాలనీ ఎటువైపో వాట్సాప్ గ్రూపు చూసి తేల్చేశావు నువ్వు. మీ నాన్న అయితే పార్కులో నాలుగు రౌండ్లు కొట్టొచ్చి, కాఫీ తాగేలోపు ఫలితాలు కూడా ప్రకటించేస్తారు. కానీ జరిగింది చూడు. 2020 డిసెంబర్ గ్రేటర్ హైదరాబాద్ ఎన్నికల్లో 150 డివిజన్లలో కాంగ్రెస్‌కి వచ్చినవి రెండంటే రెండు. ఒకటి ఉప్పల్, రెండోది మన ఏ.ఎస్. రావు నగర్! అప్పట్లో గ్రూపులో కాంగ్రెస్ పేరెత్తిన వాళ్ళు ఒక్కరైనా గుర్తున్నారా నీకు? 2023 నవంబర్‌లో రాష్ట్రమంతా కాంగ్రెస్ గెలుస్తుంటే, ఉప్పల్‌తో సహా మల్కాజ్‌గిరి లోక్‌సభ కిందున్న ఏడు అసెంబ్లీ సీట్లూ బీఆర్ఎస్‌కే పోయాయి. ఆర్నెల్లు తిరక్కుండా 2024 మేలో అదే మల్కాజ్‌గిరిలో ఈటల రాజేందర్ 3.9 లక్షల మెజారిటీతో గెలిచారు, బీఆర్ఎస్ మూడో స్థానానికి పడిపోయింది. అంతకుముందు 2019లో అక్కడే రేవంత్ రెడ్డి, కాంగ్రెస్ నుంచి, పదకొండు వేల లోపు మెజారిటీతో బయటపడ్డారు. మరి ఇది ఎవరి కాలనీ అనాలి? నన్నడిగితే ఇక్కడి జనం కార్పొరేటర్‌కి ఒక లెక్క, ఎమ్మెల్యేకి ఒక లెక్క, ఢిల్లీకి ఇంకో లెక్క వేసుకుంటారు. అది తెలివి తక్కువతనం కాదు, నిజానికి నాకు ముచ్చటేస్తుంది. బాధల్లా ఏంటంటే ఆ లెక్కలు వేసేది సగం మందే.

మల్కాజ్‌గిరిలో 2024లో 37 లక్షలకు పైగా ఓటర్లు, దేశంలో ఇంత పెద్ద నియోజకవర్గం ఇంకోటి లేదు. పోలైంది 50 శాతం పైచిలుకు. అదే రోజు ఆంధ్రాలో 80 దాటింది. అక్కడా ఇక్కడా అదే మే 13, సోమవారం, ముందు శని ఆదివారాలు. మన పై ఫ్లోర్ వాళ్ళు శుక్రవారం రాత్రే కారెక్కి విజయవాడ రోడ్డు పట్టారు. వాళ్ళు అక్కడైనా వేశారు కాబట్టి నేనేమీ అనను. రెండుచోట్లా పేరుంచుకుని ఎక్కడ ఆసక్తిగా ఉంటే అక్కడికి వెళ్ళేవాళ్ళని చూస్తే మాత్రం ఒళ్ళు మండుతుంది.

గ్రేటర్ ఎన్నికల సంగతి ఇంకా అన్యాయం. 2020లో పోలైంది 46 శాతం దాటి కాస్త. శని, ఆది, సోమవారం కార్తీక పౌర్ణమి, మంగళవారం పోలింగ్. ఐటీ పిల్లలకి వరసగా సెలవులొస్తే ఇంకేముంది. దానికి తోడు కరోనా. మాస్కు పెట్టుకుని నేను వెళ్ళేసరికి బూత్‌లో లైనే లేదు, నా ముందు మన పనమ్మాయి, కూరగాయల బండి ఆయన, ఇంకో ఇద్దరు ముసలివాళ్ళు, అంతే. నాకు నవ్వొచ్చిన విషయం ఇంకోటుంది. దేశంలో ఈవీఎంలు తయారుచేసేది రెండే కంపెనీలు, ఒకటి మన ఈసీఐఎల్, ఇంకోటి మీ బెంగళూరు బెల్, అదే భారత్ ఎలక్ట్రానిక్స్. ఈసీఐఎల్‌లో రిటైరైన మనిషిని, ఇంటి పక్క బూత్‌కి వెళ్తే చేతిలో బ్యాలెట్ కాగితం, స్వస్తిక్ ముద్ర పెట్టారు! ఆ ముద్రతోనే పక్కన నేరేడ్‌మెట్‌లో పెద్ద గొడవైంది, స్వస్తిక్ కాకుండా వేరే ముద్ర పడిన కాగితాలు చెల్లుతాయా లేదా అని హైకోర్టు దాకా వెళ్ళి, ఆ ఒక్క డివిజన్ ఫలితం ఆగిపోయింది. చివరికి తేడా వెయ్యి ఓట్లు కూడా లేదు. నా ఒక్క ఓటు అంటావు కదా, అందుకే చెప్తున్నా.

ఇక అసలు సంగతికొస్తా. మొన్న బీఎల్ఓ, అంటే మన బూత్ ఓటర్ల లిస్టు చూసే ఆవిడ, మన గల్లీ అంగన్‌వాడీ టీచరమ్మే, లిస్టు పట్టుకుని వచ్చింది. మన అపార్ట్‌మెంట్ పేజీలు తిప్పుతుంటే నేనూ పక్కన కూర్చున్నా. ఎప్పుడో ఖాళీ చేసి వెళ్ళిన తమిళ వాళ్ళు నలుగురు, అమెరికాలో ఉన్న పిల్లలు, పోయినేడు పోయిన మన కింద ఫ్లాట్ తాతగారు, అందరూ ఉన్నారు. నువ్వూ ఉన్నావు, ఇంటర్లో తీయించుకున్న రెండు జడల ఫోటోతో. కాబట్టి ఆ 50 శాతం అనే అంకెలో బద్ధకం ఎంతో, ఇలా లేనివాళ్ళ పేర్లు ఎన్నో ఎవరు చెప్తారు? టీవీలో మాత్రం "నగర ఓటరు నిర్లక్ష్యం" అని ఊదరగొడతారు. నిర్లక్ష్యమే, కాదనను, కానీ నీ పేరు కూడా అందులోనే లెక్క, నువ్వు కాలనీ విడిచి ఎన్నేళ్ళయినా.

నువ్వు ఓటుకి ఇక్కడికి రావాలని నేననడం లేదు. టికెట్టు డబ్బులు దండగ. నీ చెత్త తీసేది, నీ ఇంటికి నీళ్ళిచ్చేది, ట్యాంకర్‌కి డబ్బు గుంజేది అంతా బెంగళూరులోనే, మరి అక్కడి వాళ్ళని అడగాలంటే ఓటు అక్కడుండాలి. ఫారం 8 నింపు, అడ్రస్ మార్పుకి అదే. ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది, రిజిస్టర్ చేయించిన రెంట్ అగ్రిమెంట్ పెట్టు, తెలియకపోతే ఓటర్ల హెల్ప్‌లైన్ 1950కి ఫోన్ చెయ్యి. ఫారం 6 జోలికి పోకు, అది కొత్తగా చేరేవాళ్ళకి, నింపావంటే రెండు ఓట్లవుతాయి. మీ బెంగళూరు వాళ్ళు కూడా ఓటు దగ్గర మనకంటే గొప్పేమీ కాదులే, సగం దాటడానికి ఆయాసపడతారు.

అల్లుడుగారి ఓటు ఇంకా రాజమండ్రిలోనే ఉందట కదా. రూలు ప్రకారం ఆయనా మార్చుకోవాల్సిందే. కానీ ప్రతిసారీ రైలెక్కి వెళ్ళి వేసొస్తున్న మనిషికి నేనేం చెప్పను? నువ్వే చూసి చెప్పు.

అమ్మ