గార్డెన్ కదలాలా, వద్దా? రమణకి ఉత్తరం

ఒరేయ్ రమణా,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. “బాక్సర్లు అలీ, ఫ్రేజియర్ తలపడ్డ చోటుని ఎత్తేయమంటావా, నీకు బుద్ధుందా” అని నువ్వు అరిచిన అరుపు వంటింట్లో ఉన్న మా ఆవిడక్కూడా వినబడింది. ఫోన్లో అయితే నన్ను ఒక్క ముక్క మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నా. మధ్యలో ఆపకుండా చదువు.

అవును, న్యూయార్క్‌లో మాడిసన్ స్క్వేర్ గార్డెన్ అనే ఇండోర్ స్టేడియం ఇప్పుడున్న చోటు నుంచి కదలాల్సిందే. కానీ దూరం పోకూడదు. నా వాదన ఇంతే.

టీవీలో నీకు కనబడేది గుండ్రటి భవనం, లోపల నిక్స్ జట్టు బాస్కెట్‌బాల్ ఆట. కనబడనిది పెన్ స్టేషన్ అనే రైల్వే స్టేషన్. పక్కన కాదురా, సరిగ్గా దాని కిందే ఉంది. న్యూజెర్సీలోని ఎడిసన్ నుంచి వెళ్లే నాబోటి వాళ్లందరం దిగేది అక్కడే. 1910లో తెరిచిన పాత స్టేషన్ని రోమ్‌లోని కారకల్లా స్నానశాలల్ని చూసి, గులాబీ గ్రానైట్‌తో కట్టారట. ఫొటోలు చూస్తే కడుపు తరుక్కుపోతుంది. రైల్వే కంపెనీకి డబ్బు కటకట వచ్చి, స్టేషన్ పైన కట్టుకునే హక్కుల్ని అమ్ముకుంది. 1963లో కూలగొట్టడం మొదలుపెట్టారు, 1968 ఫిబ్రవరిలో ఆ నెత్తిమీదే గార్డెన్ తెరిచారు. కింద పట్టాలూ ప్లాట్‌ఫారాలూ పాతవే. అప్పుడు లేచిన గోలకి 1965లో పాత కట్టడాల్ని కాపాడడానికి నగరం చట్టమే చేసింది. నువ్వు చరిత్ర, చరిత్ర అని గుండెలు బాదుకుంటున్నావే, అది అంతకంటే పెద్ద చరిత్రని తొక్కి పైకొచ్చిన భవనం.

ఇంకోటి విను. పైన 20 వేల మంది కూర్చునే హాలు బరువు మోసే స్తంభాలు ఎక్కడ దిగాయనుకున్నావు? ప్లాట్‌ఫారాల మీదే. రైలు దిగి మెట్ల వైపు నడుస్తుంటే దారికి అడ్డంగా స్తంభం, దానికీ రైలు పెట్టెకీ మధ్య సందులోంచి ఒక్కొక్కరుగా పక్కకి తిరిగి జారుకోవాలి. ముందువాడు సూట్‌కేస్ లాగుతున్నాడంటే ఇక అంతే సంగతులు. సాయంత్రం సంగతి వేరు. కప్పు నెత్తికి తగులుతుందేమో అన్నంత కిందకున్న హాల్లో జెర్సీ జనమంతా బోర్డు వైపు మెడలెత్తి నిలబడతాం. ఏ ప్లాట్‌ఫారమో బయల్దేరే ముందు ఓ పది నిమిషాలకి గానీ పడదు. నంబరు పడిందా, వందల మంది ఒకే మెట్ల మీదకి పరుగు. ఆట ఉన్న రోజు సరిగ్గా అదే వేళకి నీలం, నారింజ చొక్కాల జనం కేకలేసుకుంటూ ఎదురొస్తారు. రోజుకి 2 లక్షల మందికి సరిపోతుందనుకున్న స్టేషన్‌లో కోవిడ్‌కి ముందు 6 లక్షల మంది తిరిగారు. పైన కూర్చునేవాళ్లు 20 వేలు, అదీ ఆటో కచేరీయో ఉన్న రోజే. బ్యాంకులో పనిచేసేవాడివి, ఈ లెక్క నీకు నేను చెప్పాలా?

నగరానికి ఇది తెలీదనుకోకు. అక్కడ స్టేడియం నడుపుకోవడానికి 1963లో ఇచ్చిన 50 ఏళ్ల అనుమతి 2013లో తీరిపోతే, నగర కౌన్సిల్ పదేళ్లే పొడిగించి ఈలోగా వేరే చోటు చూసుకోమంది. గార్డెన్ వాళ్లేమో అప్పటికే మూడు వేసవులపాటు దాదాపు 100 కోట్ల డాలర్లు పోసి లోపలంతా కొత్తగా చేయించుకుంటున్నారు! పదేళ్లూ గడిచాయి, ఇటుక కూడా కదల్లేదు. 2023లో మళ్లీ ఐదేళ్లు ఇచ్చారు. ఏటా “సంక్రాంతికల్లా ఖాళీ చెయ్యి” అంటూనే అద్దె పుచ్చుకునే ఇంటి ఓనరు గుర్తొస్తాడు నాకు. తేడా ఏంటంటే ఇక్కడ ఇల్లు ఉంటున్నవాళ్ల సొంతమే, పొమ్మనేవాడి చేతిలో అనుమతి కాగితం తప్ప ఏమీ లేదు. పైగా 1982 నుంచి ఆస్తి పన్ను మాఫీ! జట్లు ఊరు వదిలి పోతాయేమోనన్న భయంతో అప్పట్లో ఇచ్చారు, ఇప్పుడది ఏటా 4 కోట్ల డాలర్ల పైమాటే. నాకు ఒళ్లు మండేది ఇక్కడే.

మంచి అవకాశం ఒకటి వచ్చి చేజారింది కూడా. ఎదురుగా ఎనిమిదో అవెన్యూ అవతల పెద్ద పోస్టాఫీసు భవనం ఉంది, దాని వెనక భాగంలోకి గార్డెన్ వెళ్లే మాట చాన్నాళ్లు నడిచింది. 2008లో గార్డెన్ వాళ్లు మేం రాం అనేశారు. ఆ భవనంలోనే 2021 జనవరి 1న మోయ్‌నిహాన్ రైలు హాలు తెరిచారు. అద్దాల కప్పు, బోలెడు వెలుతురు. కాకపోతే అది ముఖ్యంగా దూరాలు వెళ్లే ఆమ్‌ట్రాక్ రైళ్ల, లాంగ్ ఐలాండ్ రైళ్ల ప్రయాణికులది. మా జెర్సీ వాళ్లది ఇంకా పాత నేలమాళిగే.

ఇక నీ అసలు దెబ్బకొస్తా. “ఎల్‌బీ స్టేడియం నుంచి క్రికెట్‌ని ఉప్పల్‌కి తోలేసి ఏం బాగుపడ్డాం” అన్నావు చూడు, అది నన్ను ఆలోచనలో పడేసింది. నిజమే. 1999లో సచిన్, ద్రావిడ్ 331 పరుగులు కలిపింది బషీర్‌బాగ్ నడిబొడ్డున. ఏ బస్సెక్కినా దిగి నడిచిపోయే చోటు. 2005లో ఉప్పల్లో వన్డేలు మొదలైతే, దాని పక్కకి మెట్రో వచ్చింది 2017లో. ముందు స్టేడియం వెళ్లింది, తీరిగ్గా వెనకాల రైలొచ్చింది. అందుకే దూరం పోకూడదంటున్నా. గార్డెన్‌కున్న గొప్పంతా ఆ రైళ్లే, కారు లేనివాడు కూడా ఆట చూసి ఇంటికి పోగలడు. ఏడో అవెన్యూ అవతల పెన్సిల్వేనియా హోటల్ ఉండేది, దాన్ని కూల్చేశారు. గార్డెన్‌ని ఆ జాగాలోకి మార్చి, స్టేషన్ మీద పార్కు వెయ్యాలని ఒక ప్రతిపాదన వచ్చింది. రోడ్డు దాటడమే కదా, నాకు నచ్చింది. డబ్బెవరిది అన్న దగ్గరే అందరూ నేల చూపులు చూస్తున్నారు. జనం పన్నులతో కట్టిపెడతామంటే మాత్రం నేను నీ జట్టులోకి వచ్చేస్తా, ముందే చెబుతున్నా.

కదిలితే పరువు పోతుందనుకోకు. ఇది నాలుగో గార్డెన్. మొదటిది 1879లో, రెండోది 1890లో, రెండూ మాడిసన్ స్క్వేర్ దగ్గరే. 1925లో మూడోది ఊరి పైభాగానికి, 50వ వీధికి వెళ్లింది. పేరు వెంట వచ్చింది, జనమూ వచ్చారు. నిక్స్ ఆటగాడు విల్లిస్ రీడ్ 1970లో కుంటుకుంటూ ఆటలోకి దిగింది ఇప్పటి దాంట్లోనే కదా, అప్పటికి దాని వయసు రెండేళ్లు!

లోపలికి వెళ్తే మాత్రం నా వాదన కాస్త సడలుతుంది, అదీ ఒప్పుకుంటా. ఆ గుండ్రటి కప్పు తీగల మీద వేలాడుతుంది, నడుమ ఒక్క స్తంభం లేదు (అన్నీ మాకే వదిలారు కాబోలు). ఆట జరిగే నేల వీధి మట్టానికి ఐదంతస్తుల పైన ఉంటుంది. సర్కస్ వచ్చినప్పుడు ఏనుగులు అర్ధరాత్రి నది కింది సొరంగంలోంచి నడిచొచ్చి, ర్యాంపు మీదుగా పైకెక్కేవి. మీ చిన్నాడికి చెప్పు, ఎగిరి గంతేస్తాడు.

డిసెంబర్లో వస్తున్నారుగా. సాయంత్రం ఐదున్నరకి, మీ రెండు పెద్ద సూట్‌కేసులతో సహా నిన్ను కింద నిలబెడతా. ఆ తర్వాత పైకెళ్లి ఆట చూద్దాం, వాదన అప్పుడు మొదలెట్టు. టికెట్ల డబ్బులు నీవే, ధరలు చూశాకే ఈ మాట అంటున్నా. చెల్లెమ్మని అడిగానని చెప్పు.

నీ
శేఖర్