పెద్దవాళ్లు ఉన్నట్టుండి తికమకపడితే వయసు మీదికి నెట్టేయకండి

సంపాదకులకు నమస్కారం.

అల్జీమర్స్ మీద పత్రికల్లో వ్యాసాలు బాగానే వస్తున్నాయి. మెదడులో పేరుకునే అమిలాయిడ్ అనే ప్రోటీన్ గురించి, కొత్త ఇంజెక్షన్ల గురించి రాస్తున్నారు. ఇంట్లో మనిషిని కనిపెట్టుకుని ఉండేవాళ్లకు వెంటనే పనికొచ్చే సంగతి మాత్రం వాటిలో అంతగా కనిపించదు. ఒంట్లో ఎక్కడో వచ్చిన ఇన్ఫెక్షన్ మెదడు జబ్బును ఎగదోస్తుంది. స్టాఫ్ నర్సుగా పనిచేసి రిటైరయ్యాను కాబట్టి ఇది నాకు తెలుసు. మా బంధువుల్లోనే చాలామందికి తెలియదు.

మా అత్తయ్యగారికి ఎనభై దాటాయి. అల్జీమర్స్ ఉన్నా తన స్నానం తను చేసుకునేవారు, కూర్చోబెడితే మల్లెపూలు కట్టేవారు. మొన్న వేసవిలో రెండు రోజుల్లోనే మనిషి మారిపోయారు. పగలంతా మగత. రాత్రంతా దుప్పటి అంచు లాగుతూ, లేని దారాన్ని వేళ్లతో పోగు చేస్తూ కూర్చునేవారు. జ్వరం లేదు. చూపించిన క్లినిక్‌లో ‘జబ్బు ముదిరిందమ్మా, ఈ వయసులో ఇంతే’ అని నిద్రమాత్ర రాసిచ్చారు. నాకు మనసొప్పలేదు. మూత్రానికి వెళ్లినప్పుడల్లా ఆవిడ పొత్తికడుపు పట్టుకుంటున్నారు. యూరిన్ కల్చర్ చేయిస్తే ఇన్ఫెక్షన్ బయటపడింది. యాంటీబయాటిక్ పడ్డాక మగత పోయింది, దారం పోగు చేయడం ఆగింది. పూలు కట్టడం మాత్రం మళ్లీ చేతకాలేదు.

మూత్రంలో ఇన్ఫెక్షన్‌కూ తలకూ ఏమిటి సంబంధం అని మావాళ్లు అడిగారు. సూక్ష్మజీవి మెదడు దాకా వెళ్లక్కర్లేదు, కబురు వెళ్తే చాలు. రోగనిరోధక కణాలు పంపుకునే ఆ కబుర్లే సైటోకైన్లు. కోవిడ్ రోజుల్లో ‘సైటోకైన్ స్టార్మ్’ అని అందరం విన్నాం కదా, అవే. టీఎన్‌ఎఫ్ ఆల్ఫా, ఇంటర్‌ల్యూకిన్-1 బీటా, ఇంటర్‌ల్యూకిన్-6 వీటిలో ముఖ్యమైనవి. రక్తం ద్వారానూ, గుండె, పేగుల లాంటి అవయవాల్ని మెదడుతో కలిపే వేగస్ నరం ద్వారానూ ఆ సమాచారం మెదడుకు చేరుతుంది. అక్కడ మైక్రోగ్లియా అనే కణాలున్నాయి. మామూలుగా వాటి పని చెత్త తీసేయడం, నరాల సంధుల్ని చక్కబెట్టడం. అల్జీమర్స్ ఉన్న మెదడులో అవి అప్పటికే రేగి ఉంటాయి. బయటి నుంచి కబురు అందగానే తామూ సైటోకైన్లు విడుదల చేసి, కాపాడాల్సిన న్యూరాన్లనే, అంటే నరాల కణాలనే దెబ్బతీస్తాయి.

ఇంగ్లండ్‌లోని సౌతాంప్టన్ పరిశోధకులు 300 మంది అల్జీమర్స్ రోగుల్ని ఆరు నెలలు గమనించి 2009లో ఫలితాలు ప్రచురించారు. ఆ మధ్యలో ఇన్ఫెక్షనో, దెబ్బ తగలడమో జరిగి ఒంట్లో వాపు ప్రక్రియ (ఇన్‌ఫ్లమేషన్, అంటే ఈ సైటోకైన్లు రేగడం) మొదలైనవారిలో జ్ఞాపకశక్తి రెండు రెట్లు వేగంగా తగ్గింది. మొదటి నుంచీ రక్తంలో టీఎన్‌ఎఫ్ ఎక్కువున్నవారిలో నాలుగు రెట్లు. ఇదొక్కటే అన్నిటినీ రుజువు చేయదు గానీ, నిర్లక్ష్యం చేయదగ్గ విషయమూ కాదు.

అలాగని వాపు తగ్గించే మాత్రలు రోజూ మింగించకండి, దయచేసి. న్యాప్రోక్సెన్, సెలికాక్సిబ్‌లు అల్జీమర్స్ రాకుండా ఆపుతాయేమోనని అమెరికాలో డెబ్బై దాటినవారి మీద పెద్ద పరీక్షే చేశారు. గుండెకు ప్రమాదమన్న భయంతో 2004 డిసెంబరులో మాత్రలు ఆపేశారు. అప్పటి ఫలితాల్లో రక్షణేమీ కనబడలేదు.

మన దేశంలో అరవై దాటినవారిలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా (అల్జీమర్స్ లాంటి మతిమరుపు జబ్బు) ఉందని 2023లో వచ్చిన అంచనా. వాళ్లలో ఎవరైనా ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి మారిపోతే మూత్రం, ఛాతీ, పళ్ల చిగుళ్లు, పడక పుళ్లు చూడాలి. ఒంట్లో నీరు, సోడియం తగ్గాయేమో, కొత్త మందు ఏదైనా మొదలుపెట్టారేమో కూడా చూడాలి. నిద్రమాత్ర సంగతి ఆ తర్వాత. ఇళ్లకు వచ్చే ఆశా కార్యకర్తలకు, ఏఎన్‌ఎంలకు ఈ మాట శిక్షణలోనే చెప్పాలని వైద్యారోగ్య శాఖను కోరుతున్నాను. మీ ఆరోగ్యం పేజీలో కూడా ఒక న్యూరాలజిస్టు చేత దీని మీద వివరంగా రాయించండి.

– ఒక విశ్రాంత స్టాఫ్ నర్సు, తెనాలి