తూకంలో తప్పినవి పెట్టపిల్లలు: పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రాష్ట్ర పశుసంవర్ధక శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

పెరటికోళ్ల మదర్ యూనిట్ నడుపుతున్న మహిళా సంఘంలో నేనొక సభ్యురాలిని. ఒక్కరోజు పిల్లలను తెచ్చి, నాలుగు వారాలు బ్రూడర్‌లో (పిల్లలకు వెచ్చదనం ఇచ్చే ఏర్పాటులో) సాకి, టీకాలు వేయించి ఊళ్లో ఇళ్లకు అందించడం మా పని. పోయిన బ్యాచ్‌లో 500 వనరాజా అనే పెరటికోడి జాతి పిల్లలు దించుకున్నాం, 471 దక్కాయి. 28వ రోజున తూకానికి వచ్చిన అధికారి 250 గ్రాములు హద్దుగా పెట్టి, 83 పిల్లలను పక్కకు తీయించారు. వాటికి పైసా రాదన్నారు. "ఒకే షెడ్డు, ఒకే దాణా. ఇంత తేడా ఎట్లా వస్తుందమ్మా? మీరు సరిగా మేపలేదు" అన్నారు. అప్పటికి నోట మాట రాలేదు. ఇంటికొచ్చాక జవాబులన్నీ గుర్తొచ్చాయి, అందుకే ఈ ఉత్తరం.

సగం తేడా అట్టపెట్టెలోనే వస్తుందండీ. పిల్ల బరువు గుడ్డు బరువులో దాదాపు మూడింట రెండు వంతులు. అప్పుడే గుడ్డుకొచ్చిన పెట్ట పెట్టే 50 గ్రాముల గుడ్డులోంచి 33, 34 గ్రాముల పిల్ల వస్తుంది. ముదురు పెట్ట 60 గ్రాముల గుడ్డులోంచి వచ్చేది 40 గ్రాములుంటుంది. రెండూ ఒకే పెట్టెలో పెట్టి పంపుతారు. పైగా 21 రోజులకు పొదుగుతాయంటాం గానీ, హేచరీలో పొదిగే మిషన్‌లో గుడ్లన్నీ ఒకే గంటలో పగలవు. మొదటి పిల్లకూ చివరి పిల్లకూ మధ్య ఒక రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువే పడుతుంది. ముందు పుట్టినది చివరిది వచ్చేదాకా నీళ్లు లేకుండా అక్కడే ఉంటుంది. కడుపులోని పచ్చసొన రెండు మూడు రోజులు ప్రాణం నిలుపుతుంది, కానీ ఒళ్లు ఎండిపోతుంది. ఆపైన వ్యాన్ ప్రయాణం. మా షెడ్డుకు వచ్చేసరికి కొన్ని ఎగురుతుంటాయి, కొన్ని కాళ్లు చాపి పడుకుంటాయి. బెల్లం నీళ్లలో ముక్కు ముంచి ఒక్కోదానికి తాగించుకుంటూ కూర్చుంటే మాకు రాత్రి పది దాటుతుంది.

మా వైపు తప్పు లేదని అనను. మొదటి వారం బ్రూడర్ కింద 35 డిగ్రీలుండాలి, తర్వాత వారానికి మూడు డిగ్రీల చొప్పున తగ్గించుకుంటూ రావాలి. మూడో రాత్రి కరెంటు పోయి రెండు గంటలు రాలేదు. కుంపట్లు రాజేసి రేకుల కింద పెట్టేలోపు పిల్లలన్నీ ఒక మూలకు చేరి కుప్పపడ్డాయి. నడుమ ఉన్నవాటికి వెచ్చదనం దొరికింది, అంచున ఉన్నవి వణికాయి. చలికి వణికిన పిల్ల తిన్నదంతా ఒంటి వేడికే పోతుంది, మర్నాడు మేత దగ్గరకు కూడా రాదు. ముడ్డి దగ్గర రెట్ట అంటుకుపోయినవి అప్పుడే కనిపించాయి, గోరువెచ్చని నీళ్లతో తుడిచాం.

ఇక అక్కణ్నుంచి తేడా తనంతట తానే పెరుగుతుంది. కాస్త పెద్ద పిల్ల చిన్నదాన్ని తోసి మేత తొట్టి దగ్గర నిలబడుతుంది. పొడి దాణాలో మొక్కజొన్న నూక ఏరుకుని తినేస్తుంది, వెనక వచ్చినదానికి అడుగున పిండే మిగులుతుంది. మా తోటికోడలు వాటిని "సవతి పిల్లలు" అని పిలిచేది. పదో రోజున చిన్నవాటిని వేరే గార్డులో, అంటే పిల్లల చుట్టూ కట్టే అడ్డు లోపల, పెట్టి, తొట్లు ఎక్కువ వేద్దామనుకున్నాం. వాటికి వెచ్చదనమిచ్చే గొడుగులాంటి రెండో హోవర్‌కు డబ్బుల్లేక ఆగిపోయాం.

ఇంతవరకూ మీ శాఖ డాక్టర్లకు తెలియనిది ఏమీ లేదు. అసలు చెప్పాలనుకున్నది ఇది. మాకిచ్చేవి పుంజూ పెట్టా వేరుచేయని పిల్లలు. నాలుగు వారాలకు పుంజు పెట్టకన్నా బరువుంటుంది, నెత్తిన జుట్టు కూడా ఎరుపెక్కడం మొదలవుతుంది. అన్నిటికీ ఒకే హద్దు పెడితే కింద మిగిలేవి ఎక్కువగా పెట్టలే కదండీ. ఆ 83 పిల్లలను నేను పారేయలేదు. వేరుగా పెట్టి మా డబ్బుతోనే మరో మూడు వారాలు మేపాను. ఆరు చచ్చిపోయాయి, వాటిలో నాలుగు పుట్టుకతోనే ఎదుగుదల లేనివి, ఎంత మేపినా లాభం లేదు. మిగిలిన 77లో 58 పెట్టలు. ఇంటింటికీ గుడ్లు అందాలని పెట్టిన పథకంలో, గుడ్లు పెట్టాల్సినవాటికే డబ్బు రాలేదు. మొదట వచ్చి పెద్దవి ఏరుకుపోయినవాళ్ల పెరట్లో ఇప్పుడు పుంజులు తిరుగుతున్నాయి. పండక్కి కూరకు పనికొస్తాయి లెండి, బాలింతకు గుడ్డు మాత్రం దొరకదు.

అధికారి భయం అబద్ధం కాదు. నూట డెబ్బై గ్రాముల పిల్లను పెరట్లో వదిలితే కాకి, గద్ద, పిల్లి ఏదో ఒకటి ఎత్తుకుపోతుంది. అందుకే చిన్నవాటిని కూడా ఆరోజే తీసుకోమని అడగను. వాటిని ఇంకో పది పదిహేను రోజులు మా దగ్గరే ఉంచి, ఆ దాణా ఖర్చు ఇచ్చి, తర్వాత మళ్లీ తూకం వేయమంటున్నాను. పుంజుకూ పెట్టకూ హద్దు వేరుగా ఉండాలి. ఒకే వయసు పెట్టల గుడ్లలోంచి వచ్చిన పిల్లలనే ఒక యూనిట్‌కు పంపమని హేచరీలకు చెప్పాలి. ఒప్పందంలో రెండో హోవర్ ఖర్చు కలపాలి.

తూకం సంగతి కూడా చూడండి. హద్దు పెట్టే ముందు ఆ అధికారి తలుపు దగ్గర చేతికందిన పది పిల్లలను పట్టి సగటు కట్టారు. చేతికి సులువుగా దొరికేది నీరసంగా ఉన్న పిల్లే, చురుకైనది పారిపోతుంది. ఒక మూల అట్టతో అడ్డం కట్టి, లోపల చిక్కినవాటన్నిటినీ తూచాలి. అరగంట పని.

వచ్చే బ్యాచ్ దిగే రోజున మీ శాఖ నుంచి ఎవరినైనా పంపండి. అట్టపెట్టె తెరిచిన వెంటనే మా ఎదురుగా ఓ యాభై పిల్లలను తూచి రాసుకుని వెళ్లమనండి. 28వ రోజున ఆ కాగితం పక్కన పెట్టుకుని మాట్లాడదాం.

ఇట్లు,
మదర్ యూనిట్ నడిపే ఒక సంఘ సభ్యురాలు