మా సమాధుల తోటలో దొరికిన మనుషులు

హైదరాబాదు

ఒరేయ్ శీనూ,

మొన్న ఫోనులో "సమాధి రాయి మీద ఏముంటుందిరా, ఒక పేరూ రెండు తేదీలూ, దాంతో వంశవృక్షం ఎట్లా గీస్తావు" అన్నావు. దానికి జవాబు ఫోనులో అయ్యేది కాదు. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. నీతో పెద్ద పని కూడా పడింది, అది ఆఖర్న చెప్తా.

మీ ఇంట్లో తద్దినం పెట్టినప్పుడల్లా మూడు తరాల పేర్లు చెప్తారు. తండ్రి, తాత, ముత్తాత, గోత్రంతో సహా. చిన్నప్పుడు మీ వసారాలో కూర్చుని మీ నాన్నగారి నోట ఆ పేర్లు వింటుంటే నాకు ఎంత ఆశగా ఉండేదో నీకెప్పుడూ చెప్పలేదు. మా ఇంట్లో అట్లా వరసగా అప్పజెప్పే అలవాటు లేదు. తాతయ్య తెలుసు, తాతయ్య నాన్న మిషను బడిలో ఉపదేశి అని తెలుసు. ఆ పైన ఎవరు, ఎక్కణ్ణుంచి వచ్చారు అంటే అందరూ మొహాలు చూసుకునేవాళ్లే. అయితే మా వాళ్లని పూడ్చిపెట్టిన చోటు మాత్రం కదలకుండా అక్కడే ఉంది. పూడ్చిన రోజు రాసిన రిజిస్టరూ చాలావరకు ఉంది. ఈ రెండూ పట్టుకుని కూర్చుంటే మూడు తరాలేం ఖర్మ, అయిదు తరాలు తేలాయిరా.

మా ఊరి సమాధుల తోట నువ్వు చూశావు, చెరువుకట్ట అవతల, తాటిచెట్ల పక్కన. దాని వెనక కథ కొంచెం చెప్పాలి. 1842లో హయ్యర్ అనే అమెరికా లూథరన్ పాదిరి గుంటూరు వచ్చాడు. అప్పటి కలెక్టరు స్టోక్స్ ఆయనకు అండగా నిలబడ్డాడు. ఆ దశాబ్దం చివరికల్లా హయ్యర్ పల్నాడు దాకా వెళ్లి గురజాలలో కాపురం పెట్టాడు. అక్కణ్ణుంచి ఊళ్లల్లో బళ్లు, బళ్లకు ఉపదేశులు, ఉపదేశుల చేతుల్లో రిజిస్టర్లు. ఫలానా మనిషి పుట్టాడు, ఫలానా మనిషి పోయాడు అని మా వాళ్ల గురించి ఒకరు కూర్చుని సిరాతో రాయడం ఆ రిజిస్టర్లతోనే మొదలైంది. అందుకే వాటిని ముట్టుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు ఝల్లుమంటుంది.

ముందు రాళ్ల సంగతి. మా వైపు పాత సమాధులన్నీ పల్నాటి నాపరాళ్లే. పాలరాయి పెట్టినవి ఒకటీ అరా, అవీ నెలజీతం ఉద్యోగుల ఇళ్లవి. నాపరాయి పొరలుపొరలుగా ఊడుతుంది, ఊడితే అక్షరం దాంతోనే పోతుంది. ఇంకో చిక్కు సున్నం. ఏటా నవంబరు 2న సమాధుల పండక్కి ముందు ప్రతి ఇంటివాళ్లూ తమ సమాధికి సున్నం కొడతారు. అది ప్రేమతో చేసే పనే, కానీ ఎనభై ఏళ్ల సున్నం కలిసి అక్షరాల గాట్లన్నీ పూడ్చేసింది. చాలామంది ఇక్కడే ఇనప బ్రష్షుతో గీకడమో, యాసిడ్ పోయడమో చేస్తారు. వద్దురా, ఒక్కసారి గీకితే ఆ రాయి ఇక ఎవరికీ చదవడానికి పనికిరాదు. మెత్తటి కుంచె, మామూలు నీళ్లు, వెదురుపుల్ల చాలు. తర్వాత వెలుతురు చూసుకోవాలి. మిట్టమధ్యాహ్నం ఏమీ కనపడదు. పొద్దు వాలేటప్పుడు ఎండ పక్కనుంచి పడితే అక్షరాల అంచులకు నీడ వస్తుంది, అప్పుడు ఫొటో తీయాలి. ఎండ రాయి ముఖానికి పక్కనుంచి పడకపోతే ఒకరు అద్దం పట్టుకుని ఎండని పక్కనుంచి దాని మీదికి మళ్లించాలి. చీకటి పడ్డాక టార్చిలైటు రాయికి ఆనించి పక్కకు వేసినా అంతే బాగా తేలుతుంది. మా మేనల్లుడు అద్దం పట్టుకున్నాడు, నేను ఫోనులో తీశాను. ఇంటికొచ్చి ఆ ఫొటోల్ని నలుపు తెలుపు చేసి చూస్తే, రాయి దగ్గర కళ్లకు ఆనని గీతలు కూడా పైకి వచ్చాయి.

ముత్తాత రాయి అట్లాగే చదివాం. పైన సిలువ, కింద పేరు, "ఉపదేశి", 1868 – 1931, ఆ కింద "మంచి పోరాటము పోరాడితిని" అన్న వాక్యం. ఆ వాక్యం సాధారణంగా సంఘంలో పనిచేసినవాళ్లకు పెడతారు. అసలు సంగతి మట్టిలో కూరుకుపోయిన అడుగు భాగంలో ఉంది. మట్టి తీసి చూస్తే ఇంకో వరస: 1934లో కుమారులు కట్టించినది, నలుగురి పేర్లు, మొదటి పేరు పక్కన "రంగూను" అని.

శీనూ, మా ఇంట్లో ఎప్పుడు చెప్పినా తాతయ్యా వాళ్లు ముగ్గురన్నదమ్ములే. నాలుగో ఆయన, అందులోనూ పెద్దాయన, ఉన్నాడని నేను ఆ రాయి మీదే మొదట చూశాను. అత్తయ్యని అడిగితే చాలాసేపు ఆలోచించి, "రంగూను పెదనాన్న అనేవాళ్లురా మా చిన్నప్పుడు, డబ్బులు పంపేవాడట, జపానోళ్లు బాంబులేశాక జాబు లేదు" అంది. రంగూను మీద మొదటి బాంబులు 1941 డిసెంబరులో పడ్డాయి. ఆ తర్వాత అక్కడున్న మన వాళ్లు లక్షల్లో అడవుల మీదుగా నడిచి బయల్దేరారు, దారిలోనే ఎందరో పోయారు. మా తోటలో ప్రతి వరసా చూశాను, ఆయన సమాధి లేదు. తిరిగి రాలేదని అప్పుడు రూఢి అయింది. ఆయన పంపిన డబ్బుతోనే వాళ్ల నాన్నకు రాయి నిలబెట్టి ఉంటారని నా నమ్మకం, పేరు మొదట ఉంది కాబట్టి.

ఇక తేదీలు. రాయి మీద పుట్టిన ఏడు 1868. బాప్తిస్మపు రిజిస్టరులో 1887లో ఆయనకు 14 ఏళ్లు. భూస్థాపన రిజిస్టరులో 1931లో "సుమారు 60". మూడూ మూడు లెక్కలు. ఏది నమ్మాలి? నేను పెట్టుకున్న పద్ధతి ఇది: ఏది జరిగిన నాటికి దగ్గరగా రాశారో దాన్నే నమ్ముతా. పోయిన తేదీకి భూస్థాపన రిజిస్టరు, ఎందుకంటే పాదిరిగారు ఆ రోజో మర్నాడో రాసి సంతకం పెడతాడు. వయసుకు బాప్తిస్మపు రిజిస్టరు, ఎందుకంటే పక్కన తల్లి నిలబడి చెప్పింది. రాయి మీది 1868, ఆయన పోయిన మూడేళ్లకు కొడుకులు అనుకున్న లెక్క. రాయిని నేను తేదీల కోసం కాక చుట్టరికాల కోసం చదువుతా. ఎవరు కట్టించారు, ఎవరి పేరు ముందు పెట్టారు, ఎవరి పక్కన ఎవరున్నారు, కాళ్ల దగ్గర పసిపిల్లల సమాధులు ఎన్ని. ఆ విషయాలు ఏ రిజిస్టరులోనూ ఉండవు.

ఆ బాప్తిస్మపు రిజిస్టరు నన్ను కూర్చున్న చోట కదలనివ్వలేదురా. పాత పేరు, కొత్త పేరు పక్కపక్కనే ఉన్నాయి. తండ్రి గడిలో "లేడు" అని ఉంది. స్వగ్రామం గడిలో కృష్ణకు అవతల, నైజాం వైపు ఊరు. మేం పల్నాటి వాళ్లం, తరతరాలుగా ఇక్కడే అని మా నాన్న గట్టిగా చెప్పేవాడు. అత్తయ్య మాత్రం ఎవరైనా మొండికేస్తే "ఏటవతలి రక్తం" అని విసుక్కునేది, ఆ మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో ఇన్నాళ్లూ ఆమెకే తెలీదు. 1876లో, ధాత నామ సంవత్సరంలో మొదలైన ధాత కరువు మద్రాసు రాజధానినీ నైజాంనూ కలిపి పట్టుకుంది. అప్పటికి ముత్తాతకి మూడేళ్లో నాలుగేళ్లో. తండ్రి పోయి, తల్లి పిల్లాణ్ణి చంకనేసుకుని ఏరు దాటి ఉంటుంది. కరువు మాట రిజిస్టరులో లేదు, అది నా ఊహ. కానీ తండ్రి లేడు, ఊరు ఏటవతల, ఆ రెండూ సిరాతో ఉన్నాయి.

ఇప్పుడు తాతయ్య అమ్మ సంగతి. ఈ ఉత్తరం రాయడానికి అసలు కారణం ఆవిడే. ఆవిడకి రాయి లేదు. మా ఇంటి బైబిలు మొదటి కాగితాల్లో పుట్టుకలూ చావులూ రాసుకోవడం అలవాటు కదా, అందులో ముత్తాత చేతిరాతతో ఒక్క వరస ఉంది: "కాళయుక్తి ఆశ్వయుజ బహుళములో" ఆవిడ ప్రభువునందు నిద్రించింది అని. ఇంగ్లీషు తేదీ లేదు. కాళయుక్తి అనే తెలుగు సంవత్సరం అరవై ఏళ్లకోసారి వస్తుంది, మా లెక్కకు సరిపోయేది 1918. ఆ ఏడు ఆశ్వయుజ బహుళం అంటే అక్టోబరు ఆఖరి రోజులూ నవంబరు మొదటి రోజులూ. ఆ తేదీలు తలుచుకోగానే నాకు గుండె జారింది. ఇన్‌ఫ్లుయెంజా దేశాన్ని ఊడ్చేసిన నెలలవి. దేశం మొత్తంలో కోటి మందికి పైగా పోయారని అంచనా. రిజిస్టరు తీసి చూస్తే, మామూలు రోజుల్లో ఒక పేజీ నిండటానికి నెలలు పట్టే చోట అక్టోబరు, నవంబరు పేజీలు కిక్కిరిసి ఉన్నాయి. కారణం గడిలో "జ్వరము", కింద "పైన రాసినట్టే" అన్న గుర్తులు వరసగా దిగిపోయాయి. అందులో ఆవిడ పేరుంది. ఆ కిందనే ఏడాది నిండని ఆడపిల్ల, తల్లి గడిలో ఆవిడ పేరే. ఆ పిల్ల ఉందని కూడా మాలో ఎవరికీ తెలీదు.

సమాధి ఎక్కడో మాత్రం రిజిస్టరు చెప్పదు. అన్ని చావులప్పుడు రాయి ఎవరు పెడతారు, మట్టి కప్పి వచ్చేశారు. అది కనపడింది సమాధుల పండుగనాడు. ఆ సాయంత్రం తోట తోటంతా జనం. కొవ్వొత్తులు, బంతిపూల దండలు, సాంబ్రాణి కడ్డీలు, పిల్లల పరుగులు. నేను రాళ్లు వదిలేసి మనుషుల్ని చూస్తూ తిరిగాను. అప్పుడు గమనించాను, రాయి లేని మట్టిదిబ్బల మీద కూడా కొన్నిటికి పూలున్నాయి. ముత్తాత సమాధికి ఎడంవైపు, కొంచెం వెనగ్గా ఉన్న దిబ్బ మీద ఒక ముసలావిడ కొవ్వొత్తి నాటుతోంది. ఎవరిదమ్మా అంటే, "మా అత్త పెట్టేది నాయనా, నేను కోడలిగా వచ్చిన ఏడాది చూపించింది. ఉపదేశయ్యగారి భార్యది, బిడ్డతో కలిపి పెట్టారంట, నువ్వు మర్చిపోవద్దు అని చెప్పింది" అంది. మాకు చుట్టం కూడా కాదురా ఆవిడ. వాళ్లత్తకి ముత్తాత అక్షరాలు నేర్పాడట, అంతే. మూడు తరాలు మా ఇంటివాళ్లం మరిచిపోయిన చోట ఆ ఇంటి ఆడవాళ్లు ఏటా దీపం పెట్టారు. బిడ్డ మాట ఆవిడ నోట వినగానే రిజిస్టరులో ఉన్నది ఇదేనని తెలిసిపోయింది. నేనక్కడే మోకాళ్ల మీద కూర్చుండిపోయాను.

అందుకే ఇప్పుడు ఎవరైనా సమాధుల తోటలో వంశం వెతకాలంటే నేను చెప్పే మొదటి మాట నవంబరు 2న వెళ్లమని. మిగతా రోజుల్లో ఏ దిబ్బ ఎవరిదో చెప్పేవాడు ఉండడు. ఆ ఒక్క సాయంత్రం ప్రతి సమాధి పక్కనా దాని మనిషి ఉంటాడు.

దొరల సమాధుల సంగతి వేరు. 1905లోనే కాటన్ అనే ఆయన మద్రాసు రాజధానిలో చెప్పుకోదగ్గ సమాధుల మీది రాతలన్నీ పుస్తకంగా అచ్చువేయించాడు. చర్చిల్లో రాసిన వాళ్ల భూస్థాపన పద్దుల నకళ్లు లండనుకు పోయేవి, ఈనాటికీ బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి. బందరులో డచ్చివాళ్ల సమాధులు మూడు వందల ఏళ్లు దాటినా పురావస్తు శాఖ కాపలాలో ఉన్నాయి. అవి ఉండాల్సిందే, నాకు సంతోషమే. మా ఉపదేశులవి, ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పిన బైబిలు స్త్రీలవి, రాయి కూడా లేని తల్లులవి ఎవరూ అచ్చువేయలేదు. ఫైండ్ ఎ గ్రేవ్, బిలియన్ గ్రేవ్స్ లాంటి సమాధుల వెబ్‌సైట్లలో అమెరికా పల్లెల శ్మశానాలు కూడా ఎన్నో ఫొటోలతో దొరుకుతాయి, మా తోట మాత్రం లేదు. మేం ఎక్కిస్తేనే ఎక్కుతుంది. మా తోట పోరంబోకు నేల కూడా. పక్కన రోడ్డు వెడల్పు చేస్తారని అంటున్నారు, చెరువుకట్ట వైపు వరస పోతుందేమోనని నాకు భయంగా ఉంది. పాతవన్నీ ఆ వరసలోనే ఉన్నాయి.

సరే, నీతో పని. రిజిస్టరులో 1887కి ముందు పేజీలు గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. కలం ఎత్తకుండా రాసుకుంటూ పోయాడు మహానుభావుడు, నాకు పదానికి ఒక అక్షరం కూడా అందడం లేదు. అంకెలు కూడా తెలుగు అంకెలే. నువ్వు పాత దస్తావేజులు చదవగలవు, మీ తాతగారు కరణీకం చేసిన ఇల్లు. పాస్టరుగారి అనుమతితో ఆ పేజీల ఫొటోలు తీసుకున్నా, ఈ ఉత్తరంతో పాటు అచ్చుతీసి పంపుతున్నా. ముత్తాత తల్లి పేరు కోసం చూడు. బాప్తిస్మపు గడిలో ఆవిడ పేరు మీద సిరా ముద్ద పడింది, మొదటి అక్షరం "వె" లా ఉంది. ఆవిడకూ ఎక్కడో బాప్తిస్మం అయ్యుంటే ఈ పేజీల్లోనే ఉంటుంది. ఏటవతలి ఊరు పేరు కనపడిన ప్రతి వరసకీ పెన్సిలుతో గుర్తు పెట్టు. ఒకే ఊరినుంచి కలిసి వచ్చిన ఇళ్లు ఇంకా ఉంటే వాళ్లు మాకు చుట్టాలయ్యే వీలుంది.

నవంబరు 2కి సెలవు పెట్టుకుని రా. నీ పెద్ద కెమెరా తీసుకురా. మధ్యాహ్నం చెరువుకట్ట వైపు వరస మొదలుపెట్టి, నువ్వు రాళ్లు తీస్తూ ఉంటే నేను వరస నంబర్లు వేసి పటం గీస్తా. సాయంత్రం జనం వచ్చాక ఇద్దరం కలిసి దిబ్బల దగ్గర అడుగుదాం. నీకు మాట కలపడం వచ్చు, ముసలివాళ్లు నీకు చెప్పినన్ని కబుర్లు నాకు చెప్పరు. రాత్రికి మా అత్తయ్య ఇంట్లోనే భోజనం. నువ్వొస్తున్నావని చెప్పాను, గోంగూర పచ్చడి చేస్తానంది. అమ్మగారికి నమస్కారాలు చెప్పు. పేజీలు అందగానే ఒక ఫోను కొట్టు.

నీ
జానీ

తా.క.: పేజీల వెనక పెన్సిలుతో నంబర్లు వేశాను, వరస కలిసిపోకుండా చూసుకో. 17వ పేజీ ముందు చదువు.