పద్మజకు, సింధు బ్రాంచి విషయమై

ప్రియమైన పద్మజకు,

నీ ఉత్తరం అందింది. మీ అమ్మాయి సింధు ఇంజనీరింగులో కంప్యూటర్ సైన్సు వద్దంటోందనీ, ఎలక్ట్రికల్ అయితేనే చేరతానని పట్టుబట్టిందనీ, ఇంట్లో పెద్దవాళ్ళేమో "ఆడపిల్లకు ఆ స్తంభాలూ తీగలూ ఎందుకు" అంటున్నారనీ రాశావు. అవుననో కాదనో ఒక్క ముక్కలో తేల్చి ఊరుకునే మనిషిని కానని నీకు తెలుసు కనుక, పనులన్నీ అయ్యాక తీరిగ్గా కూర్చుని చదువు.

ముందుగా మీ పెద్దవాళ్ళకు అయ్యలసోమయాజుల లలిత గారి సంగతి చెప్పు. మన దేశంలో ఇంజనీరింగు పట్టా అందుకున్న తొలి మహిళ ఆవిడే, అదీ ఎలక్ట్రికల్‌లోనే, పైగా మన తెలుగింటి ఆడపడుచు. పదిహేనో ఏట పెళ్ళయి, పద్దెనిమిదేళ్ళకు నాలుగు నెలల పాప చంకలో ఉండగా భర్తను పోగొట్టుకున్నారు. వైద్యం చదివితే అర్ధరాత్రి పిలుపు వచ్చినప్పుడల్లా బిడ్డను వదిలి పరుగెత్తవలసి వస్తుందని ఆలోచించి ఇంజనీరింగు ఎంచుకున్నారు. తండ్రి పప్పు సుబ్బారావు గారు మద్రాసు గిండీ ఇంజనీరింగు కళాశాలలోనే ఎలక్ట్రికల్ ఆచార్యులు కావడం వల్ల, ప్రిన్సిపాల్ చాకో గారిని ఒప్పించి 1940లో కూతురిని చేర్పించగలిగారు. అంతమంది మగపిల్లల మధ్య ఒక్కతే ఉండడం కష్టమని, ఆడపిల్లలకు ప్రవేశం ఉందంటూ ఆయనే ప్రకటన ఇప్పించారు. అది చూసి సివిల్‌లో చేరినవారే లీలమ్మ జార్జి, పి.కె. థ్రేసియా. ఈ థ్రేసియా గారు తరవాత కేరళ ప్రజాపనుల శాఖకు చీఫ్ ఇంజనీరు కూడా అయ్యారు.

లలిత గారు జమాల్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో శిక్షణ పొంది, సిమ్లాలో కొన్నాళ్ళు పనిచేసి, 1948లో కలకత్తాలోని అసోసియేటెడ్ ఎలక్ట్రికల్ ఇండస్ట్రీస్‌లో చేరారు. కరెంటును దూరప్రాంతాలకు మోసే ట్రాన్స్‌మిషన్ లైన్ల డిజైన్లు ఆవిడ చేతి మీదుగా వెళ్ళేవి. భాక్రా నంగల్ ప్రాజెక్టు పనిలోనూ ఆవిడకు పాలుంది. 1964లో న్యూయార్క్‌లో జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రవేత్తల తొలి అంతర్జాతీయ సదస్సుకు చీరకట్టుతోనే వెళ్ళివచ్చారు. ఇది చదివిన వాళ్ళందరూ ఆవిడ ధైర్యాన్ని మెచ్చుకుంటారు. నా చూపు మాత్రం కలకత్తాలో ఆవిడకు చోటిచ్చిన సోదరుడి ఇంటి మీదికే పోతుంది. ఆవిడ ఆఫీసులో ఉన్నంతసేపూ పాపను చూసుకునే మనుషులు ఆ ఇంట్లో ఉన్నారు. తండ్రి అదే కళాశాలలో ఆచార్యులు కాక ఏ తాలూకా ఆఫీసులోనో గుమాస్తా అయి ఉంటే, ఎంత తెలివి ఉన్నా ఆవిడ ఆ గేటు దాటేవారా అని నాకు అనుమానం.

ఇప్పుడు గేటు దగ్గర ఆ ఇబ్బంది లేదు. మన రెండు రాష్ట్రాల్లోనూ ఇంజనీరింగు సీట్లలో మూడో వంతు ఆడపిల్లలకు కేటాయించారు. సింధుకు సీటు వస్తుంది, చదువూ సాగుతుంది. అసలు చిక్కంతా ఉద్యోగంలో చేరాక, అదీ దయ రూపంలో మొదలవుతుంది.

ఎలక్ట్రికల్ ఇంజనీరుగా నేను మొదట చేరిన చోట రిలే టెస్టింగులో (లైనులో లోపం పసిగట్టి, బ్రేకర్ అనే పెద్ద స్విచ్చు చేత కరెంటు ఆపించే పరికరాలను పరీక్షించే పనిలో) వేయమని అడిగితే, పై అధికారి ఎంతో ఆప్యాయంగా "అర్ధరాత్రి బ్రేకర్ ట్రిప్పయితే నువ్వెక్కడ పరుగెత్తుతావమ్మా, హాయిగా ఎస్టిమేట్లు చూసుకో" అన్నారు. ఆ మాటలో ద్వేషమేమీ లేదు, అందుకే దానితో పోట్లాడడం కష్టమైంది. అయితే ఏ రిలే ఎందుకు పనిచేసింది, బ్రేకర్ ఎందుకు మొరాయించింది అన్నది ఆ రాత్రి సబ్‌స్టేషన్ యార్డులో నిలబడ్డవాడికే అంతుపడుతుంది గాని, మర్నాడు ఫైలు చదివిన వాళ్ళకు పట్టుబడదు. కొన్నేళ్ళకు ప్రమోషన్ల జాబితా వేసే వేళ "ఆవిడకు ఫీల్డు అనుభవం లేదు కదా" అని అన్నదీ అదే అధికారి.

తరవాత ఎలాగో ఫీల్డు పనిలో వేయించుకున్నాననుకో. సబ్‌స్టేషన్‌లో ఆడవాళ్ళకు టాయిలెట్ లేక, పొద్దుట బయలుదేరేటప్పుడే మంచినీళ్ళు మానేసేదాన్ని. భద్రత కోసం ఇచ్చిన రబ్బరు గ్లవ్స్ మగవాళ్ళ చేతుల కొలతకు చేసినవి కావడంతో, అవి తొడుక్కుని, ఆపేసిన లైనును భూమికి కలిపే ఎర్త్ రాడ్డు పట్టుకుంటే పట్టు జారేది. ఇలాంటి సంగతులు ఏ కాలేజీలోనూ చెప్పరు.

చట్టం కూడా చాలాకాలం ఇదే ఆప్యాయత చూపించింది. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం స్త్రీల పనివేళలను ఉదయం 6 నుంచి సాయంత్రం 7 వరకు అని గిరిగీసింది. 1952 గనుల చట్టమైతే భూగర్భంలోకే దిగనివ్వలేదు. సాంకేతిక, పర్యవేక్షణ ఉద్యోగాలకు ఆ తలుపు తెరుచుకున్నది 2019లో. ప్రసూతి సెలవు 2017లో 26 వారాలైంది, సంతోషమే, కాని ఆ జీతమంతా యజమాని నెత్తినే పెట్టారు. చిన్న కాంట్రాక్టరు ఇంటర్వ్యూలో "పెళ్ళెప్పుడమ్మా" అని అడగడంలో ఈ లెక్క కూడా ఉంది.

జమ్మూకాశ్మీర్‌లోని చీనాబ్ రైలు వంతెన వార్తలు నువ్వూ చూసే ఉంటావు. నది మీద 359 మీటర్ల ఎత్తున కట్టిన ఆ వంతెన 2025 జూన్‌లో ప్రారంభమైంది. దాని పునాదులున్న కొండవాలును నిలబెట్టే పనిలో పదిహేడేళ్ళు సలహాదారుగా ఉన్న మాధవీలత గారు మన ప్రకాశం జిల్లా వారు, కాకినాడలో బీటెక్ చదివారు, ఇప్పుడు బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ (ఐఐఎస్సీ)లో ఆచార్యులు. పత్రికలు ఆకాశానికెత్తితే, వేలమంది శ్రమలో తనదీ ఒకటని చెప్పి ఆవిడ పక్కకు తప్పుకున్నారు. తవ్వేకొద్దీ రాతి అసలు స్వభావం బయటపడుతుంటే దానికి తగ్గట్టు డిజైను మార్చుకుంటూ పోవలసిన పని అది. అన్నేళ్ళు అదే కొండను పట్టుకుని ఉండడానికి ఆవిడకు వీలు దొరికింది చూడు, నాకు అది అన్నిటికంటే పెద్ద విషయంగా తోస్తుంది.

కాబట్టి సింధును ఎలక్ట్రికల్‌లో చేర్చు. ఉద్యోగం వచ్చాక మొదటి అయిదేళ్ళూ యార్డులోనే ఉండమను, ఎవరు ఎంత ప్రేమగా కుర్చీ చూపించినా సరే. కౌన్సెలింగులో ఆప్షన్లు పెట్టేముందు ఒకసారి నాకు ఫోను చేయించు. ర్యాంకు సంగతి నేనడగను. రాత్రి డ్యూటీ మాట వస్తే మీ ఆయన ఏమంటారో మాత్రం ఈలోగా కనుక్కుని ఉంచు.

నీ
వసంత