రోజూ ఇచ్చే కరెంటుకు మెదడు ఎలా మారుతుంది?

సంపాదకుడు గారికి,

చదువు బాగా బుర్రకెక్కుతుందంటూ, తలకు తగిలించుకుని స్వల్పంగా కరెంటు పంపే పరికరాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు. పరీక్షల టెన్షన్‌తో వాటిని కొనాలనుకునే తల్లిదండ్రులు ఒక పాత ప్రయోగం గురించి తెలుసుకోవాలి.

కెనడాలో గ్రాహం గొడార్డ్ అనే శాస్త్రవేత్త ఎలుకల మెదడులోకి సన్నని తీగ దించి, రోజుకోసారి కొద్దిపాటి కరెంటు ఇచ్చారు. 1967, 1969లలో ఫలితాలు ప్రచురించారు. మొదట్లో ఎలుకలకు ఏమీ కాలేదు. రోజులు గడిచేకొద్దీ అదే మోతాదుకు దవడలు ఆడించడం, తల ఊపడం, చివరికి వెనక కాళ్ల మీద లేచి పడిపోవడం! భయం వంటి భావోద్వేగాలకు సంబంధించిన అమిగ్డలా అనే మెదడు భాగంలో ఇస్తే సుమారు రెండు వారాలకే ఫిట్స్ వచ్చాయి. జ్ఞాపకశక్తికి సంబంధించిన హిప్పోకాంపస్ అనే భాగానికి ఇంకా ఎక్కువ రోజులు పట్టింది. చిన్నమెదడు మాత్రం లొంగలేదు. వారాల తరబడి ఆపి మళ్లీ ఇచ్చినా ఆ మార్పు పోలేదు. విచిత్రమేమంటే, నిమిషాల తేడాతో వెంటవెంటనే ఇస్తే ఈ ప్రభావం సరిగా కనిపించలేదు. మధ్యలో గంటల విరామం ఉండాల్సిందే.

కొద్దిపాటి కరెంటే రోజూ ఇస్తూ పోతే మెదడు ఇలా క్రమంగా ఫిట్స్‌కు లోనుకావడాన్నే కిండ్లింగ్ అంటారు. మూర్ఛ మందులను ఇలాంటి జంతువులపైనా పరీక్షిస్తారు. మూర్ఛకు నేడు విరివిగా వాడే లెవెటిరాసిటామ్ అనే మందు, మామూలు జంతు పరీక్షల్లో ఫలితం చూపకపోయినా, కిండ్లింగ్ చేసిన జంతువుల్లో పనిచేసింది.

తలపై పెట్టే పరికరాల కరెంటు ఒకటి రెండు మిల్లీ ఆంపియర్లే. అందులో చాలా భాగం చర్మంలోనే పోతుంది. వాటితో ఫిట్స్ వస్తాయని నేననడం లేదు. మనుషుల్లో కిండ్లింగ్ రుజువు కాలేదు కూడా. కానీ ఎక్కడ, ఎంతసేపు, ఎన్ని గంటలకోసారి అన్నదాన్ని బట్టి ఫలితం మారిపోయే చోట, "రోజూ వాడండి" అని ఊరికే రాసేస్తే ఎలా? ఇంట్లో మూర్ఛ ఉన్న పిల్లలుంటే న్యూరాలజిస్టును అడగకుండా ముట్టుకోవద్దు. ఈ ప్రకటనలపై అధికారులు దృష్టి పెట్టాలి.

– ఒక విశ్రాంత జువాలజీ అధ్యాపకుడు, హనుమకొండ