వీపు గీయడం తేలిక కాదు

సంపాదకులకు నమస్కారం.

మ్యూజియంలో బొమ్మలు చూస్తున్న జనాన్నే బొమ్మలుగా వేస్తున్న ఇప్పటి చిత్రకారుల గురించి గత ఆదివారం మీ అనుబంధంలో రాశారు. చాలా సంతోషం. కానీ చివర్లో 'ఫోన్‌లో ఫొటో తీస్తే పోయేదానికి ఇంత శ్రమ ఎందుకు' అన్న మాట నాకు కష్టంగా అనిపించింది. దాని గురించే ఈ ఉత్తరం.

నేను కావలిలో ముప్పై నాలుగేళ్లు బోర్డులు రాశాను. ఫ్లెక్సీలు వచ్చేదాకా అదే నా తిండి. షాపుల బోర్డులు, లారీల వెనక రాతలు, ఎన్నికలప్పుడు గోడల మీద నాయకులు. ఫొటో మీద గళ్లు గీసుకుని, గోడ మీద అవే గళ్లు పెద్దవి గీసి మొహాలు దించేవాళ్లం. మొహం కుదిరితేనే డబ్బులు. అన్నేళ్లలో ఒక్కరు కూడా వీపు వేయమని అడగలేదు.

అందుకేనేమో, అమెరికా చిత్రకారిణి కారిన్ జురిక్ వేసిన మ్యూజియం బొమ్మలు మా అమ్మాయి ఫోన్‌లో చూపిస్తే చాలాసేపు ఆ ఫోన్ తిరిగి ఇవ్వలేకపోయాను. చాలామంది వెనక నుంచే కనిపిస్తారు. భుజానికి సంచి, కొంచెం పక్కకు వంగిన మెడ, ఒంటికాలి మీద వేసిన బరువు. అంతే. మనిషి అలిసిపోయి నిలబడిందా, ఎదురుగా ఉన్న పటంలో మునిగిపోయిందా అన్నది మొహం లేకుండానే తెలిసిపోతుంది.

పని చేసినవాడిగా కష్టం ఎక్కడుందో చెప్తాను. గోడ మీది పటం, దాని ముందు నిలబడ్డ మనిషి, ఇద్దరి చేతిలో తయారైనట్టు ఉండాలి. వేసేది మాత్రం ఒక్కరే. పటంలోని ఎరుపును అసలులో ఉన్నంత ఎరుపుగా వేశామా, అది మనిషిని తోసుకుని ముందుకొచ్చేస్తుంది. తగ్గించాలి. మరీ తగ్గిస్తే అది ఎవరి పటమో గుర్తు పట్టలేం. ఫొటోలో అయితే లైటు పటం మీద పడినప్పుడు ముందున్న మనిషి నల్లగా అయిపోతాడు. ఏది వెనక్కి నెట్టాలి, ఏది ముందుకు తేవాలి అనేది బ్రష్ పట్టుకున్నవాళ్లు ఒక్కో అంగుళం దగ్గర ఆగి తేల్చుకోవాల్సిందే.

ఇది ఈనాటి ఆలోచనా కాదు. అమెరికాలో నార్మన్ రాక్‌వెల్ అని ఒకాయన ఉండేవాడు. మాలాగే అడిగినవాళ్లకు బొమ్మలు వేసి బతికినవాడు. ఒక్క 'సాటర్డే ఈవెనింగ్ పోస్ట్' పత్రికకే 300కు పైగా ముఖచిత్రాలు వేశాడు. 1962 జనవరి 13 సంచిక మీద ఆయన 'ది కానసర్' (కళ బాగా తెలిసినవాడు) అనే బొమ్మ అచ్చయింది. సూటు వేసుకున్న పెద్దాయన మనకు వీపు పెట్టి, జాక్సన్ పొలాక్ అనే చిత్రకారుడి పద్ధతిలో రంగులు చిలకరించిన పెద్ద పటాన్ని చూస్తుంటాడు. ఆ చిలకరింపు కోసం రాక్‌వెల్ కాన్వాసును నేల మీద పరిచి మరీ రంగు పోశాడు. ఆ పెద్దాయనకు పటం నచ్చిందో లేదో ఎంత చూసినా చెప్పలేం. నాకు ఆ బొమ్మ మీద అంత ఇష్టం అందుకే.

మన దగ్గర ఇలాంటివి లేవని కూడా అనుకోవద్దు. మా ఇంటామె కళ్ల పరీక్షకు మద్రాసు వెళ్లినప్పుడు, మధ్యాహ్నం ఖాళీ దొరికి ఎగ్మూరు మ్యూజియానికి పోయాం. అక్కడ మన అమరావతి రాళ్లున్నాయి. స్తూపం మీద చెక్కిన పలకల్లో మళ్లీ స్తూపమే ఉంటుంది. దాని చుట్టూ దణ్ణం పెట్టుకుంటున్న ఆడా మగా. అంటే దాదాపు రెండు వేల ఏళ్ల కిందటి శిల్పి, చూడ్డానికి వచ్చినవాళ్లను కూడా చెక్కాడు. ఆ పలక ముందు ఒక ముసలామె, పల్లెటూరి మనిషి, ఆయమ్మా చేతులు జోడించి నిలబడింది. రాతిలో వాళ్లూ అట్లే, బయట ఆయమ్మా అట్లే. జేబులో ఉన్న మందుల చీటీ వెనక గబగబా ఆమె వీపు గీసుకున్నాను. భుజం దగ్గర కుదరలేదు. ఇంటికొచ్చాక నాలుగుసార్లు గీసినా కుదరలేదు.

మీకు ఒక విన్నపం. ఆ వ్యాసంతో వేసిన బొమ్మ రెండు అంగుళాలు కూడా లేదు. ఈసారి ఇలాంటివి వేసేటప్పుడు అరపేజీ ఇవ్వండి. కింద అసలు పటం కొలత, ఏ రంగులతో వేశారో రాయండి. లోయర్, హయ్యర్ డ్రాయింగ్ పరీక్షలకు కట్టే పిల్లలు మా ఊళ్లో ఉన్నారు, అసలు పటం చూడాలంటే వాళ్లు రైలెక్కాలి. మీరు వేస్తే కత్తిరించి దాచుకుంటారు. నేనూ దాచుకుంటాను.

ఇట్లు,
ఒక పాత బోర్డు ఆర్టిస్టు,
కావలి, నెల్లూరు జిల్లా.